బొమ్మకు ముందు బట్ట

టాబ్లెట్ మీద వేసిన బొమ్మకు ఒళ్లు ఉండదు. రంగు ఉంటుంది, లోపలి నుంచి వచ్చే వెలుగు ఉంటుంది, రెండు వేళ్లతో లాగితే ఎంత కావాలంటే అంత పెద్దదవుతుంది. గోడకు తగిలించాలనుకున్న రోజున మాత్రం దానికొక బట్ట కావాలి. పులికాట్ నీళ్లలో నిలబడ్డ ఫ్లెమింగోలు, మైపాడు తీరాన తెల్లవారుజాము పడవలు, పెన్న ఒడ్డున రంగనాథస్వామి గాలిగోపురం. నెల్లూరు వైపు తెర మీద బొమ్మలు వేసేవాళ్లకు ఇలాంటి విషయాలకు కొదవ లేదు. ఆ బొమ్మలు కాన్వాస్ మీదికెక్కి కొత్త ఇళ్ల హాళ్లలోకి, హోటళ్లలోకి, ఆసుపత్రి వరండాల్లోకి వస్తున్నాయి. వాటి ముందు ఆగినవాళ్లు గీతను మెచ్చుకుంటారు, రంగుల్ని మెచ్చుకుంటారు. వాటికన్నా ముందు జరిగిన పనిని, అంటే బొమ్మ పడకముందు బట్టను సిద్ధం చేసిన పనిని, మెచ్చుకోవడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ పని కుదిరితే కంటికి ఆనదు. కుదరకపోతే ఎంత గొప్ప బొమ్మయినా నిలవదు.

ఈ మాట కాన్వాస్ ముద్రణకు ఎంత నిజమో, స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తిలో తరతరాలుగా సాగుతున్న కలంకారీకి అంతకన్నా నిజం. స్వర్ణముఖి శ్రీకాళహస్తి గుడిని ఒరుసుకుని, నాయుడుపేట మీదుగా సాగి, పాత నెల్లూరు జిల్లా తీరాన సముద్రంలో కలుస్తుంది. ఆ నది ఎగువన బట్ట మీద బొమ్మ వేసే పని, దాని దిగువన ఆ బట్టల కోసం ఓడలు ఆగిన రేవులు. కాన్వాస్ ముద్రణను ఈ నేల మీద నిలబెట్టి చూస్తే దానికి ఒక పెద్ద తోబుట్టువు కనబడుతుంది. ఒకటి యంత్రం పని, మరొకటి చేతి పని అని విడదీసి, ఒకదాన్ని పొగిడి రెండోదాన్ని తీసిపారేయడం తేలికే. దగ్గరికెళ్లి చూస్తే మాత్రం రెండూ ఒకే చిక్కుతో తలపడుతున్నాయి. తడి రంగు బట్టకు తగలగానే పాకిపోతుంది. దాన్ని పెట్టినచోట ఆపడం ఎలా?

ముందు కాన్వాస్ సంగతి. ఉతికిన నూలు గుడ్డ మీద ఒక సిరా చుక్క వేయండి. పోగుల సందుల్లో నీరు తనంతట తానే ఎక్కి, చుక్క అంచులు నిలువుకూ అడ్డానికీ చీలిపోతాయి. ప్రింటరు వదిలే చుక్క ఇంకా చాలా చిన్నది. మంచి చిత్రముద్రణ యంత్రంలో అతి చిన్న చుక్క 4 పికోలీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఒక్క మిల్లీలీటరు సిరాలో 25 కోట్ల చుక్కలు. అంత చిన్న చుక్క కూడా ఉత్త గుడ్డ మీద పడితే పాకి మసకబారుతుంది. అందుకని ముద్రణకు పనికొచ్చే కాన్వాస్ మీద ముందే ఒక పూత ఉంటుంది. సిలికా వంటి ఖనిజపు పొడిని జిగురు పదార్థంలో కలిపి, నేత గరుకు చచ్చిపోకుండా పలచగా పూస్తారు. ఆ పొడి రేణువుల మధ్య సందులు సిరాలోని నీటిని క్షణంలో లోపలికి లాగేసుకుంటాయి. రంగు రేణువులు పైనే, పడ్డచోటే ఉండిపోతాయి. పేడనీళ్లతో అలికిన వాకిట్లో ముగ్గు నిలిచినట్టు, ఈ పూత ఉన్నచోటే గీత నిలుస్తుంది.

ఆ పూత మందం విషయంలో చూపిన నేర్పు నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. పలచనైతే సిరా పాకుతుంది. మందమైతే గుడ్డ అట్టలా బిరుసెక్కి, చట్రానికి మడిచిన అంచు దగ్గర పగిలి, రంగు కింద తెలుపు సన్నని గీతగా బయటపడుతుంది. నేను ఏ కాన్వాస్ ప్రింటు చూసినా ముందు చూసేది ఆ మడతనే. బొమ్మ ఎదురుగా ఎంత బాగున్నా మడత పగిలిందంటే, ఎక్కడో ఒక దశలో ఎవరో తొందరపడ్డారన్నమాట. మంచి పనిలో ఫ్లెమింగో మెడ ఒంపు పక్కకు తిరిగి చట్రం దళసరి మీదికి వెళ్లినా దాని గులాబీరంగు ఎక్కడా తెగదు.

ఇంకో విశేషం తెలుపు. ఈ యంత్రాల్లో ఎనిమిది నుంచి పన్నెండు దాకా సిరాలుంటాయి. నీలం, ఎరుపు, పసుపు, నలుపు సరే, వాటికి తోడు లేత నీలం, లేత ఎరుపు, రెండు బూడిదలు, కొన్నిటిలో నారింజ, ఆకుపచ్చ, ఊదా కూడా. ఇన్ని రంగులున్న వరసలో మామూలుగా తెల్ల సిరా ఉండదు. బొమ్మలో కనబడే తెలుపంతా గుడ్డ తెలుపే. తెర మీద తెలుపంటే అన్నిటికన్నా ఎక్కువ వెలుగు. కాన్వాస్ మీద తెలుపంటే ఏ చుక్కా పడని చోటు. మైపాడు అల నురుగును తెర మీద వేసిన చిత్రకారుడు, ఆ నురుగును గుడ్డకు అప్పజెబుతున్నాడని గుర్తుపెట్టుకోవాలి. అందుకే గుడ్డ తెలుపు ఎలాంటిదో ముందే తెలుసుకోవాలి. కొన్ని కాన్వాస్‌లకు కళ్లు జిగేల్‌మనేలా ఉండాలని, అతినీలలోహిత కాంతిని నీలికాంతిగా మార్చే రసాయనాలు కలుపుతారు. కొత్తలో అది మల్లెపూవంత తెల్లగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రసాయనం చచ్చిపోయి తెలుపు పసుపు తిరుగుతుంది, దాంతోపాటు బొమ్మలోని ప్రతి లేత రంగూ మారుతుంది. అవి కలపని గుడ్డ మొదటిరోజు కాస్త పాలరంగులో కనబడుతుంది గానీ, ఆ రంగు మీదే నిలకడగా ఉంటుంది. నన్నడిగితే రెండోదే తీసుకోమంటాను.

లేత నీలం, లేత ఎరుపు సిరాలు ఎందుకున్నాయో కూడా చెప్పాలి. ముదురు సిరా ఒక్కటే ఉంటే లేత రంగు చూపడానికి చుక్కల్ని దూరం దూరంగా వేయాలి, అప్పుడు ముఖం మీద, తెల్లవారుజాము ఆకాశం మీద ఇసుక చల్లినట్టు కనబడుతుంది. లేత సిరా ఉంటే చుక్కల్ని దగ్గరగా పరచవచ్చు, కంటికి చుక్క తగలదు. ఇలాంటి మార్పులు ఒక్కరోజులో రాలేదు. ఈ రంగంలో తొలి అడుగు వేసినవాళ్లలో సంగీతకారుడు గ్రాహం నాష్ ఒకడు. 1991లో కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్‌లో ఆయన మొదలుపెట్టిన నాష్ ఎడిషన్స్‌లో, పత్రికల ముద్రణకు నమూనా ప్రతులు తీసే ఐరిస్ 3047 యంత్రాన్ని చిత్రాల ముద్రణకు మళ్లించారు. ఆ యంత్రాన్ని ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థ భద్రపరిచింది. ఐరిస్ వాడినవి నీళ్లలో కరిగే రంగులు. చూడ్డానికి అద్భుతంగా ఉన్నా, వెలుగు తగిలితే కొద్ది ఏళ్లలోనే వెలిసిపోయేవి. కరగని రంగు రేణువుల సిరాలు 2000 తర్వాత స్థిరపడ్డాకే కాన్వాస్ ముద్రణకు నమ్మకం వచ్చింది.

ఇక ఎగువకు, శ్రీకాళహస్తికి వెళదాం.

అక్కడ బొమ్మ వేసేవాడి ముందుకు గాడా అనే నూలు బట్ట వచ్చేసరికి దానికి పెట్టిన గంజి వదిలించి, ఉతికి, ఆరబెట్టి ఉంటారు. ఆ తర్వాత కరక్కాయ. ఎండిన కరక్కాయల పొడిని నీళ్లలో కలిపి, అందులో గేదెపాలు పోసి, బట్టను ముంచి, మూలమూలలా పట్టేలా పిసికి, పిండి, ఎండలో ఆరేస్తారు. ఆరాక బట్ట లేత మీగడరంగులో, వేలికి కాస్త జిడ్డుగా తగులుతుంది. చూసేవాడికి ఇది మామూలు తడిపి ఆరబెట్టే పనిలా ఉంటుంది. నిజానికి బొమ్మంతా ఈ రెండింటి మీదే నిలబడుతుంది. కరక్కాయలోని టానిన్ నూలుపోగుకు అంటుకుని, రాబోయే ఇనుముకూ పటికకూ పట్టు ఇస్తుంది. పాలలోని కొవ్వు పోగుల సందుల్ని మూసి, తడి గీత పక్కకు పాకకుండా ఆపుతుంది. ఆవుపాలకన్నా గేదెపాలలో కొవ్వు ఎక్కువ కాబట్టి అవే వాడతారు. కాన్వాస్ తయారుచేసే ఫ్యాక్టరీలో సిలికా చేసే పనిని ఇక్కడ పాడి గేదె చేసిపెడుతోంది. ఏ ప్రయోగశాలా లేకుండా, కేవలం చూపుతో, చేతి స్పర్శతో ఈ జోడీని కనిపెట్టినవాళ్ల తెలివికి నేను మనసారా నమస్కరిస్తాను.

సిద్ధమైన బట్ట మీద చింతపుల్లల బొగ్గుతో తొలి గీతలు పడతాయి. బొగ్గు గీత తుడిస్తే పోతుంది, ఆ వెసులుబాటు అక్కడితో సరి. తర్వాత వచ్చేది కసిమి. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం, నీళ్లు కలిపి కుండలో పోసి రెండు మూడు వారాలు పులియనిస్తారు. పులుపు ఇనుమును కరిగిస్తుంది. కుండలో ఉన్నప్పుడు ఆ ద్రవం నల్లగా ఉండదు, గోధుమరంగు కషాయంలా ఉంటుంది. కరక్కాయ పట్టిన బట్టకు తగిలిన చోట టానిన్‌తో కలిసి నలుపు తేలుతుంది. నలుపు కుండలో లేదు, బట్టలోనూ లేదు, రెండూ కలిసినచోట పుడుతుంది. కలంకారీ పని మొత్తానికి గుండెకాయ ఈ సంగతే.

కలం ఒక వెదురు పుల్ల. కొన చెక్కి, కొనకు కాస్త పైన ఉన్ని గానీ పాతగుడ్డ గానీ ఉండలా చుట్టి, దారంతో బిగిస్తారు. ఉండను కసిమిలో ముంచి, గీసేటప్పుడు వేళ్లతో మెల్లగా నొక్కితే ద్రవం కొనకు జారుతుంది. గీత సన్నగా రావాలో దళసరిగా రావాలో వేళ్ల ఒత్తిడి చెబుతుంది, ఎంత వేగంగా పోవాలో మణికట్టు చెబుతుంది. ఆగితే చుక్క గుమిగూడుతుంది. తడబడితే అది చెరగదు, ఎందుకంటే అప్పటికే అది పోగులోకి వెళ్లిపోయింది. రాముడి కనుబొమ్మ, సీత ముక్కుపుడక, ఏనుగు తొండం మీది ముడతలు, అన్నీ ఇలా ఒకే ఊపిరిలో తీసిన గీతలే. తెర మీద బొమ్మ వేసేవాడికి వేసిన గీతను వెనక్కి తీసుకునే బొత్తాం ఉంది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ అది లేకుండా నూరు అడుగుల గీత గీసిన చేతిని చూశాక, గీత అంటే ఏమిటో వేరేగా తెలుస్తుంది.

కసిమి బలంగా ఉండటమూ మంచిది కాదు. ఇనుము ఎక్కువైతే అది ఏళ్లమీద నూలును తినేస్తుంది. మ్యూజియాల్లోని పాత బట్టల్లో ఎర్రపూలు చెక్కుచెదరకుండా ఉండి, వాటి చుట్టూ నల్లగీత ఉన్నంత మేర బట్ట చిరిగిపోయి కనబడటానికి కారణం అదే. నలుపు గాఢంగానూ ఉండాలి, బట్టను కొరక్కుండానూ ఉండాలి. ఆ హద్దు ఎక్కడుందో పాత పనివాళ్లు ద్రవాన్ని గుడ్డ ముక్క మీద వేసి చూసి తేల్చుకునేవాళ్లు.

ఎరుపు ఇంకా విచిత్రం. ఎరుపు రావలసిన చోటల్లా పటికనీళ్లు పూస్తారు. పటికనీళ్లకు రంగుండదు. అంటే చిత్రకారుడు దాదాపు కనబడని ద్రవంతో, ఇంకా పుట్టని రంగుతో బొమ్మ నింపుతున్నాడు. ఎక్కడ పూశాడో తెలియడానికి అందులో కాస్త రంగు కలిపే పద్ధతి పాత వివరాల్లో కనబడుతుంది. పూసి, ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, పారే నీటిలో ఉతుకుతారు. పారే నీరే ఎందుకంటే, పోగుకు అంటని పటిక నిలవ నీటిలో తిరిగొచ్చి పక్క తెలుపుకు అంటుకుంటే అక్కడా ఎరుపు వచ్చేస్తుంది. ఆ మిగులు పటికను నది తనతో పట్టుకుపోవాలి. అప్పుడు మంజిష్ఠ వంటి ఎర్రని వేళ్లు, చెక్కలు వేసి కాగిన నీళ్లలో బట్టను వేసి కలియబెడతారు. బట్టంతా ఎర్రబడినట్టు కనబడుతుంది. ఉతికి చూస్తే, పటిక ఉన్నచోట ఎరుపు రాయిలా కూర్చుని ఉంటుంది. మిగతాచోట ఉన్నది పైపై మకిలి. ఆ మకిలి వదలడానికి మేకపెంటికలు గానీ పేడ గానీ కలిపిన నీళ్లలో బట్టను నానబెట్టి, మర్నాడు ఉతికి, ఏటి ఇసుక మీద పరిచి, ఆరినప్పుడల్లా నీళ్లు చల్లుతారు. ఎండా తడీ కలిసి తెలుపును మెల్లగా తిరిగి తెస్తాయి.

ఇక్కడా తెల్లరంగు లేదు చూడండి. కాన్వాస్ మీద నురుగైనా, కలంకారీలో హంస అయినా, బట్ట తనను తాను చూపించుకోవడమే. కాకపోతే ఒకచోట ఆ తెలుపు ఫ్యాక్టరీ నుంచి చుట్టగా వస్తుంది, మరోచోట రోజుల తరబడి ఎండలో నీళ్లు చల్లి సంపాదించాలి.

పసుపుకు ముందు మళ్లీ పాలు పట్టిస్తారు, ఎందుకంటే ఉతుకుల్లో మొదటి పాలు పోయాయి. కరక్కాయ పువ్వు కాచి తీసిన పసుపును కలంతో నింపుతారు. నీలిమందు సంగతి వేరు. అది నీళ్లలో కరగదు. పులియబెట్టి, దానిలోని నీలాన్ని తాత్కాలికంగా పోగొట్టి కరిగిస్తే, గాలి తగిలిన తర్వాత బట్టలోనే తిరిగి నీలం అవుతుంది. పూర్వం నీలం అక్కర్లేని మేరంతా తేనెమైనం కప్పి బట్టను నీలికుండలో ముంచేవాళ్లు. ఆ తర్వాతి కాలంలో శ్రీకాళహస్తివాళ్లు నీలాన్ని కూడా కలంతోనే వేయడం మొదలుపెట్టారు. ఆకుపచ్చ అంటూ ప్రత్యేకంగా లేదు. నీలం మీద పసుపు వేస్తే అదే ఆకుపచ్చ. ఈ పసుపే అన్ని రంగుల్లోకీ బలహీనమైనది. రెండు మూడు వందల ఏళ్ల నాటి కోరమండల్ తీరపు బట్టల్లో చెట్ల ఆకులు నీలంగా కనబడతాయి. చిత్రకారుడు నీలి ఆకులు వేయలేదు, వెలుగుకు పసుపు వెళ్లిపోయి నీలం ఒక్కటీ మిగిలింది.

ఈ బట్టల కోసమే ఐరోపావాళ్లు సముద్రం దాటి ఈ తీరానికి వచ్చారు. డచ్చివాళ్లు 1610 ప్రాంతంలో పులికాట్‌లో దిగి, తర్వాత గెల్డ్రియా కోట కట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్లు 1626 ప్రాంతంలో దుగరాజపట్నంలో, వాళ్లు ఆర్మగాన్ అన్న రేవులో, స్థావరం పెట్టారు. మలయా దీవుల్లో లవంగాలు, జాజికాయలు కొనాలంటే వెండికన్నా కోరమండల్ రంగుబట్ట బాగా చెల్లేది. దుగరాజపట్నంలో సరుకు సరిగా దొరక్క, అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే బట్ట చవకగా దొరికే చోటు వెతుక్కుంటూ దక్షిణానికి వెళ్లి 1639లో మద్రాసు భూమి సంపాదించాడు. చెన్నై పుట్టుకలో నెల్లూరు తీరపు బట్ట బేరానికి ఇంత వాటా ఉందన్నమాట.

ఐరోపాలో ఈ బట్టలు మంచాల మీద, గోడల మీద వేలాడాయి. అక్కడి అద్దకపువాళ్లు జిగురులో రంగు కలిపి గుడ్డపైన అద్దేవాళ్లు, ఉతికితే పోయేది. మన బట్ట ఉతికేకొద్దీ ఎరుపు తేటపడేది. ఆ తేడా ఎక్కడుందో వాళ్లకు చాలాకాలం అంతుపట్టలేదు. స్థానిక నేతకు దెబ్బ అని ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా వీటిని నిషేధించింది, ఇంగ్లండు కూడా 18వ శతాబ్దం మొదట్లో చట్టాలు చేసింది. నిషేధాలు నడుస్తుండగానే రహస్యం తెలుసుకునే ప్రయత్నాలూ నడిచాయి. 1734లో పుదుచ్చేరిలో బోల్యూ అనే ఫ్రెంచి నావికాధికారి ఒక బట్టను తన ఎదుటే వేయించుకుని, ఒక్కో దశ ముగియగానే ఒక ముక్క కత్తిరించి దాచాడు. ఆ ముక్కలు అతికించిన రాతప్రతి ఇప్పటికీ పారిస్‌లో ఉంది. 1742లో జెస్యూట్ మతాచార్యుడు కేర్దూ, తెలుగు బాగా వచ్చినవాడు, క్రైస్తవం తీసుకున్న పనివాళ్లను అడిగి మొత్తం పద్ధతిని ఉత్తరంలో రాసి పంపాడు. కరక్కాయ, పాలు, పటిక, వేరు, పేడ, ఎండ, అన్నీ అందులోకి ఎక్కాయి. దశలన్నీ కాగితం మీదికి వెళ్లినా పని వెంటనే వెళ్లలేదు, ఎందుకంటే కుండలోని ఇనుము ఎప్పుడు సిద్ధమైందో కాగితం చెప్పలేదు.

ఆ కాలంలో ఎరుపుకు పేరుమోసింది చిరివేరు. కోరమండల్ ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు అది. అందులోని అలిజరిన్ అనే రంగు పదార్థాన్ని 1868లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేశారు. 1897లో కృత్రిమ నీలి బజారుకొచ్చింది. నెల్లూరు, కడప మెట్టల్లో సాగైన నీలిచేలు ఆ తర్వాత కొద్దికాలానికే చరిత్రలో కలిశాయి.

శ్రీకాళహస్తివాళ్లు ఎగుమతి బేరానికన్నా గుళ్లకోసం ఎక్కువ పనిచేశారు కాబట్టి వాళ్ల పని కొంత నిలిచింది. గుడితెరకు ఒక లెక్క ఉంది. నడుమ పెద్ద గడిలో పట్టాభిషేకమో, కల్యాణమో. చుట్టూ అడ్డవరసల్లో కథ గడులు గడులుగా నడుస్తుంది, గడికీ గడికీ మధ్య తెలుగు రాతలు. దూరం నుంచి చూస్తే నడిమి బొమ్మ ఒక్కటే పిలుస్తుంది. దగ్గరికొస్తే వరసలు విప్పుకుంటాయి. ఇంకా దగ్గరికొస్తే అక్షరాలు. ఒకే బట్ట మూడు దూరాల్లో మూడు విధాలుగా చదివిస్తుంది. పంచకళ్ల పెద సుబ్బరాయుడు 1880ల తొలినాళ్లలో వేసిన రామాయణం తెర ఒకటి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పేరు తెలిసిన కలంకారీ చిత్రకారులు పాతకాలంలో అరుదు. ఆ ఒక్క పేరు దక్కినందుకు నాకు సంతోషం.

20వ శతాబ్దం నడిమికి ఈ పని చేసేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ నేర్పారు. ఆయన కుమారుడు గురప్పశెట్టి ఆ విద్యను బొమ్మల్లోనూ పుస్తకాల్లోనూ నిలబెట్టారు, 2008లో పద్మశ్రీ అందుకున్నారు. ఇవాళ ఊళ్లో ఎన్నో ఇళ్లలో కలం ఆడుతోందంటే ఆ కేంద్రం చలవే.

గుడితెర చెప్పే మూడు దూరాల పాఠం కాన్వాస్‌కు బాగా పనికొస్తుంది. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ప్రింటు కావాలనుకోండి. అంగుళానికి 150 పిక్సెళ్ల చొప్పున 10,800 అడ్డం, 7,200 నిలువు, దాదాపు 7 కోట్ల 80 లక్షల పిక్సెళ్లు ఉండాలి. ఫోను తెరకు సరిపోయేలా వేసిన బొమ్మను అంతకు సాగదీస్తే దూరం నుంచి మోసపోవచ్చు, దగ్గరికొచ్చినవాడు మాత్రం మెత్తబడిన అంచుల్ని పట్టేస్తాడు. గోడ ఎంత పెద్దదో తెలుసుకుని బొమ్మను మొదటినుంచీ ఆ కొలతలోనే వేయడం మంచి పద్ధతి. తెర మీది వెలుగైన నీలాలు, ఆకుపచ్చలు కొన్ని సిరాకు అందవు. ఆ గుడ్డకు, ఆ సిరాకు తగిన రంగుల లెక్కను కంప్యూటర్లో పెట్టుకుని, ముద్రించకముందే తెర మీద ఆ తేడా చూసుకుని, చిత్రకారుడే సర్దుకోవాలి. యంత్రానికి వదిలేస్తే అది తనకు తోచినట్టు సర్దుతుంది.

ముద్రించాక కూడా తొందర పనికిరాదు. సిరాలోని తేమ పోవడానికి ఒక రోజు వదిలేసి, అతినీలలోహిత కాంతిని ఆపే ఆక్రిలిక్ వార్నిష్‌ను రోలర్‌తో గానీ పిచికారీతో గానీ పలచగా, రెండుసార్లు వేస్తారు. చట్రానికి లాగేటప్పుడు ఒకవైపు పూర్తిచేసి రెండోవైపుకు పోరు. నాలుగు పక్కలా నడుమ ఒక్కో పిన్ను కొట్టి, అక్కడినుంచి మూలలకు జరుగుతారు. అలా అయితేనే నేత పోగులు వంకర పోవు, బొమ్మలోని సముద్రపు గీత సముద్రపు గీతలాగే ఉంటుంది. నెల్లూరు తీరంలో ఇంకో జాగ్రత్త ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమకు గుడ్డ ఒకప్పుడు బిగుస్తుంది, ఒకప్పుడు వదులవుతుంది. మూలల్లో చెక్క మేకులు పెట్టుకునే చట్రమైతే వదులైనప్పుడు వాటిని కాస్త తట్టి మళ్లీ బిగించుకోవచ్చు. గోడకు అంటించినట్టు కాకుండా, వెనక నాలుగు మూలలా రబ్బరు బిళ్లలు పెట్టి గాలి ఆడేలా తగిలిస్తే బూజు పట్టదు.

తిరగేసి చూస్తే రెండింటికీ తేడా తేలికగా తెలుస్తుంది. కాన్వాస్ వెనక ఉత్త గుడ్డే ఉంటుంది. కలంకారీ బట్ట వెనక కూడా బొమ్మ ఉంటుంది, కాస్త లేతగా, రాముడి విల్లు ఎడమ చేతి నుంచి కుడి చేతికి మారి. సిరా పూతలో ఆగింది, కసిమి పోగులోకి వెళ్లింది. ఇవాళ బజార్లో కలంకారీ పేరుతో అమ్మే స్క్రీన్, డిజిటల్ అచ్చు బట్టల్ని పోల్చుకోవడానికి కూడా తిరగేసి చూడటమే మొదటి పని. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. అచ్చు బట్టను అచ్చు బట్టగానే అమ్మితే ఎవరికీ నష్టం లేదు, దాన్ని కలం పనిగా అమ్మితే పేడనీళ్లలో చేతులు పెట్టినవాడి కూలి పోతుంది.

తెర మీద బొమ్మలు వేసే నెల్లూరు కుర్రవాళ్లకు నేను చెప్పేది ఒక చిన్న పద్ధతి. పెద్ద ప్రింటు తీయించకముందు, బొమ్మలో అన్నిటికన్నా నల్లని చోటు, అన్నిటికన్నా తెల్లని చోటు, ఒక ముఖం పడేలా జానెడు పట్టీ ఒకటి అదే గుడ్డ మీద తీయించండి. దాన్ని చట్రం అంచులా గట్టిగా మడిచి చూడండి, తడివేలితో రుద్ది చూడండి. తర్వాత బొమ్మ వేలాడబోయే గోడ మీదే అతికించి, మధ్యాహ్నం కిటికీ వెలుగులో ఒకసారి, రాత్రి దీపం కింద ఒకసారి చూడండి. నలుపులో వివరం మునిగిపోయిందా, ముఖం పచ్చగా తిరిగిందా అన్నది అక్కడే తేలుతుంది. అప్పుడు ఆరడుగుల గుడ్డ కోయించండి.